పెరటికోళ్ల నట్టలు – తగిన మందు నెన్నుకొను విధము

మన గ్రామములలో పెరటికోడి లేని ఇల్లు అరుదు. నాలుగు పెట్టలును ఒక పుంజును ఉన్నచో, గ్రుడ్లమ్మిన పైకము పచారి సరకులకును పిల్లల పుస్తకములకును అక్కఱకు వచ్చును. ఈ పైకము తఱచుగా ఇల్లాలి చేతి సొమ్ము. కావున కోళ్లు చిక్కినచో ఆ నష్టము మొదట ఆమెకే తగులును. కోళ్లు చిక్కుటకు గల కారణములలో నట్టలు ముఖ్యమైనవి. వానికి మందులు కలవు. అయినను అన్ని నట్టలకు ఒకే మందు చాలదు.

ఈ సంగతిని నేను పరుల నష్టమువలన నేర్చుకొంటిని. కొన్ని యేండ్ల క్రిందట ఒక వృద్ధురాలు తన కోళ్లు మేత తినుచున్నను ఎండిపోవుచున్నవని నాతో చెప్పెను. నేను రెట్టనైనను చూడక, నాయొద్దనున్న పిపెరజీన్ మందును నీటిలో కలిపించి వచ్చితిని. నెల తిరుగకమునుపే నాలుగు కోళ్లు చచ్చెను. "మంచి మందంటివి గదా, నాయనా" అని ఆమె యడిగినప్పుడు నాయొద్ద జవాబు లేకపోయెను. చచ్చినదానిని పశువైద్యశాలలో కోయించి చూడగా ప్రేగునిండ బద్దెపురుగులు కనబడినవి. పిపెరజీన్ బద్దెపురుగులపై పనిచేయదు. దోషము మందుది కాదు, ఎన్నుకొన్నవానిది.

కావున ముందుగా నట్టల తెగ నెఱుగవలెను. మొదటివి ఏలికపాములు. ఇవి తెల్లగా, గుండ్రముగా, రెండు మొదలు నాలుగు అంగుళముల పొడవున చిన్నప్రేగులో నుండును. మూడు నెలలలోపు పిల్లలకు వీనివలన హాని మెండు. వీని గ్రుడ్లు రెట్టతో బయటపడి, తేమనేలలో సుమారు రెండు వారములకు అంటుకొనదగిన స్థితికి వచ్చి, నెలల తరబడి చావక యుండును. రెండవవి బద్దెపురుగులు. ఇవి రిబ్బనువలె చదునుగా, కణుపులు కణుపులుగా నుండును. చీమలు, పెంకుపురుగులు మొదలగువానిని తినుటవలన కోళ్లకు సంక్రమించును. తాజారెట్టపై నూకగింజలవంటి తెల్లని ముక్కలు కనబడినచో ఇవి యున్నట్లు గ్రహింపవలెను. మూడవవి వెండ్రుకవంటి సన్నపురుగులు. ఇవి కంటికి సరిగా కనబడవు. వీని గ్రుడ్లను సూక్ష్మదర్శినితోనే చూడవలెను.

నాలుగైదు కోళ్ల తాజారెట్టను శుభ్రమైన చిన్నడబ్బీలో పెట్టి, ఆనాడే పశువైద్యశాలకు కొనిపోవుట ఉత్తమము. ఏ కోడియైనను చచ్చినచో పాతిపెట్టకమునుపు అచ్చట చూపింపుడు.

ఇక మందుల మాట. పిపెరజీన్ ఎదిగిన ఏలికపాములను వెడలించును. అంతకు మించి దానియందు ఆశ పెట్టుకొనరాదు. లెవమిసోల్ గుండ్రపు నట్టలకు పనిచేయును గాని బద్దెపురుగులకు కాదు. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ తగినది. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ అను మందులు పెక్కు తెగలపై పనిచేయును. అయితే మోతాదు తెగనుబట్టి మాఱును. ఈకలు రాల్చి క్రొత్త యీకలు వచ్చు కాలమున ఫెన్‌బెండజోల్ ఈయకుండుట మేలు, ఈకలు వంకరపోవచ్చును. పొగాకుపొడిని దాణాలో కలుపు పాత పద్ధతిని విడువవలెను; అది కోడికిని విషమే.

మోతాదు కంటి అంచనాకు వదలరాదు. కోడిని సంచిలో నుంచి తూచుడు. వైద్యుడు కిలో బరువునకు 10 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ చెప్పెననుకొందము. మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాములుండు మందైనచో, కిలోన్నర కోడికి 0.6 మిల్లీలీటరు కావలెను. తక్కువ మోతాదిచ్చినచో నట్టలు చావవు సరిగదా, క్రమముగా మందునకు లొంగనివగును. నీటిలో కలుపు మందైనచో, ఉదయము కొంతసేపు నీరు పెట్టక, పిమ్మట త్వరగా త్రాగి ముగింపగల నీటిలోనే కలుపవలెను. ప్రేగుపొరలో దాగిన పిల్లపురుగులు తరువాత ఎదుగును గనుక, వైద్యుడు చెప్పిన గడువున రెండవసారి ఈయవలెను. మందిచ్చిన పిమ్మట గ్రుడ్లను ఎన్నిదినములు వాడరాదో సీసాపై చూచి, వైద్యునడిగి, ఆ దినములు తినకయు అమ్మకయు నుండవలెను.

ప్రతి జబ్బును నట్టలని తలంపరాదు. పిల్లలు నెత్తురు పాఱుచున్నచో అది కాక్సిడియోసిస్ కావచ్చును. దాని మందు వేఱు. మెడ మెలిపడి, ఆకుపచ్చగా పాఱుచు, వరుసగా చచ్చుచున్నచో కొక్కెర తెగులని శంకింపవలెను. దానికి ముందు వేయించు టీకాయే రక్ష.

మందొక్కటియే చాలదు. గూటిక్రింది రెట్టను దినదినము తీసి దూరముగా ఎరువుగుంటలో వేయుడు. నీటితొట్టి చుట్టును బురద కానీయకుడు. మేతను నేలపై చల్లక పళ్లెములో పెట్టుడు. పిల్లలను పెద్దకోళ్లతో కలుపక వేఱుగా మేపుడు.

తుదకొక మనవి. పది కోళ్లున్న ఇంటికి ఒక సీసా యక్కఱలేదు. మిగిలినది గడువు దాటి చెడును. ఒక వీధివారందఱు సంఘము ద్వారా ఒకే సీసా తెప్పించుకొని, ఒకేనాడు అందఱి కోళ్లకు పట్టించినచో ఖర్చు తగ్గును. ఒక పెరటి నట్టలు ప్రక్క పెరటికి ప్రాకుటయు తగ్గును. కోళ్లకు కంచె లేదు గదా! సీసా కొనుటకు ముందు రెట్టను చూపించితిరా యని మాత్రము ఒకరినొకరు అడుగుడు. నేనానాడు అడుగలేదు.