సముద్రంలో దిగే ముందు: స్కూబా కేంద్రాన్ని ఎంచుకొనే విధానం

దీపావళి సెలవులు మొదలుకొని వేసవి ముగిసే వరకు సోలాపూర్, పుణే, ముంబయి నగరాలలోని తెలుగు కుటుంబాలు కొంకణ తీరానికి విహారయాత్ర సాగించడం ఏటా కనిపించే విషయమే. సింధుదుర్గ జిల్లాలోని మాల్వణ్ పట్టణం, దానికి చేరువలోని తార్కర్లి, దేవ్‌బాగ్ గ్రామాలు ఆ యాత్రలకు ముఖ్య గమ్యాలు. శివాజీ మహారాజు 1664లో నిర్మాణం ప్రారంభించిన సింధుదుర్గం మాల్వణ్ ఎదుట సముద్రమధ్యంలో నిలిచి ఉన్నది. ఆ పరిసరాల సాగరజలాలను 1987లో ప్రభుత్వం సముద్రజీవుల అభయారణ్యంగా ప్రకటించింది. కోటను చూడవచ్చిన వారిలో అనేకులు ఇప్పుడు నీటి అడుగున ఉన్న పగడాలను, చేపలను కూడా చూడగోరి స్కూబా డైవింగుకు సిద్ధపడుతున్నారు.

తీరం వెంట స్కూబా కేంద్రాల బల్లలు వరుసగా ఉంటాయి. అన్నింటి వద్దా అవే రంగుల ఛాయాచిత్రాలు, దాదాపు అవే ధరలు, "ఈత రాకపోయినా ఫరవాలేదు" అనే అదే హామీ. కుటుంబ పెద్ద ధర అడుగుతారు, వీడియో ఇస్తారా అని అడుగుతారు, కొంత బేరమాడి రుసుము చెల్లిస్తారు. ఈ ఎంపిక ఐదు నిమిషాలలో ముగుస్తుంది. అయితే ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్నలేవీ ఆ ఐదు నిమిషాలలో చోటుచేసుకోవు. కేంద్రం ఎంత తక్కువ ధర చెబుతున్నదన్నది అసలు కొలమానం కాదు. అది యాత్రికుని ఏమి అడుగుతున్నది, అతనికి అర్థమయ్యే భాషలో ఏమి వివరిస్తున్నది, అవసరమైనప్పుడు "మీరు దిగవద్దు" అని చెప్పగలుగుతున్నదా అన్నవే కొలమానాలు.

నీటి లోపల జరిగేది

స్కూబా అంటే డైవరు తన వెంట మోసుకొని వెళ్ళే శ్వాస పరికరం. ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు 1943లో రూపొందించిన పరికరమే నేటి సాధనాలకు మూలం. వీపున ఉండే సిలిండరును చాలామంది ఆక్సిజన్ సిలిండరు అంటారు కాని, సాధారణంగా అందులో ఉండేది అధిక పీడనంతో నింపిన మామూలు గాలియే.

భూమిపై మనిషి శరీరం మోసే గాలి పీడనాన్ని ఒక ప్రమాణంగా తీసుకుంటే, సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు మరొక ప్రమాణం అదనంగా చేరుతుంది. 5 మీటర్ల లోతున పీడనం ఒకటిన్నర రెట్లు ఉంటుంది. రెగ్యులేటరు ఆ లోతుకు తగిన పీడనంతోనే గాలిని అందిస్తుంది. అక్కడ 4 లీటర్ల గాలిని పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది వ్యాకోచించి 6 లీటర్లు కావడానికి ప్రయత్నిస్తుంది. ఊపిరితిత్తులు దానిని భరించలేవు. ఒకటిన్నర మీటర్ల లోతు నుంచి ఊపిరి బిగబట్టి లేచినా గాయం కలగవచ్చు. అందువల్లనే "ఎన్నడూ ఊపిరి బిగబట్టవద్దు" అన్నది స్కూబాలో మొట్టమొదటి నియమం. భయపడిన మనిషి మొదట చేసేది ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోవడమే. కనుక "నాలుగైదు మీటర్లే కదా" అనే మాట ధైర్యం కలిగించవచ్చు గాని రక్షణ కలిగించదు.

చెవులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దిగుతున్నప్పుడు కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. ముక్కు మూసుకొని మెల్లగా గాలి ఊదడం ద్వారా, నొప్పి ప్రారంభం కాకముందే, ఆ పీడనాన్ని సరిచేసుకోవాలి. జలుబు ఉన్నవారికి ఇది సాధ్యపడకపోవచ్చు. వారు ఆ రోజు దిగకపోవడమే మేలు.

రెండు పత్రాలు

క్రమబద్ధంగా నడిచే కేంద్రంలో యాత్రికుని ముందు రెండు పత్రాలు ఉంచుతారు. మొదటిది బాధ్యతా అంగీకార పత్రం: ప్రమాదాలు ఉన్నాయని తెలిసి తాను పాల్గొంటున్నట్లు యాత్రికుడు సంతకం చేస్తాడు. రెండవది ఆరోగ్య ప్రశ్నావళి. మొదటి పత్రం కేంద్రానికి రక్షణ, రెండవది యాత్రికునికి రక్షణ. మొదటి పత్రంపై మాత్రమే సంతకం తీసుకొని రెండవదాని ప్రసక్తే తేని కేంద్రం నుంచి వెనుదిరగడం ఉత్తమం.

ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, మధుమేహం, చెవి శస్త్రచికిత్స, ఊపిరితిత్తుల వ్యాధులు, ప్రస్తుతం వాడుతున్న మందులు, గర్భధారణ మొదలైన వాటిని గురించి ఆరోగ్య ప్రశ్నావళి విచారిస్తుంది. 45 ఏళ్ళు దాటినవారికి ప్రత్యేకమైన ప్రశ్నలు ఉంటాయి. కొన్నిటికి "అవును" అనే సమాధానం వస్తే వైద్యుని లిఖితపూర్వక అనుమతి లేనిదే నీటిలో దిగరాదు. గర్భవతులు అసలు దిగరాదు. మందులు వాడుతున్నవారు యాత్రకు బయలుదేరక మునుపే తమ ఊరి వైద్యుని సంప్రదిస్తే, తీరంలో నిరాశ చెందవలసిన అవసరం రాదు.

ఈ పత్రాలు ఎక్కువగా ఆంగ్లంలోనో మరాఠీలోనో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగల పెద్దలు పిల్లలు చూపిన చోట సంతకం చేయడం సహజంగా జరిగిపోతుంది. ఉబ్బసం మందు పీలుస్తున్న సంగతి కుమారునికి తెలిసి ఉండకపోవచ్చు, తల్లికి ఆ ప్రశ్న ఉన్నదనే తెలియకపోవచ్చు. ప్రతి ప్రశ్ననూ ఒక్కొక్కటిగా చదివించుకొని, ఎవరి సమాధానం వారే చెప్పాలి. ఆలస్యమవుతుందని కేంద్రం విసుగు చూపితే అది కూడా ఆ కేంద్రాన్ని గురించి తెలియజేసే సమాధానమే.

అర్థమైన భాషలో వివరణ

నీటిలో దిగేముందు శిక్షకుడు ఇచ్చే వివరణ కూడా యాత్రికునికి తెలిసిన భాషలోనే సాగాలి. శిక్షకునికి తెలుగు రానప్పుడు, హిందీ లేదా మరాఠీ బాగా తెలిసిన కుటుంబ సభ్యుడొకరు వాక్యం వాక్యంగా అనువదించి చెప్పవచ్చు. పడవ ఎక్కిన తరువాత ఇంజను శబ్దంలో ఇచ్చే వివరణ చాలదు. అది ఒడ్డునే, తొందర లేకుండా పూర్తి కావాలి.

నీటిలో మాట ఉండదు, సంజ్ఞలే ఉంటాయి. వాటిలో ఒకటి ముఖ్యంగా తెలుసుకోదగినది. బొటనవేలు పైకెత్తి చూపితే నేలమీద "బాగున్నది" అని అర్థం. నీటి లోపల దాని అర్థం "పైకి పోదాం". "బాగున్నాను" అని తెలుపడానికి బొటనవేలిని, చూపుడువేలిని సున్నాలా కలిపి చూపాలి. ఏదైనా ఇబ్బంది కలిగితే అరచేతిని చాపి ఇటూ అటూ ఊపి, ఆపై ఇబ్బంది ఉన్న చోటును, ఉదాహరణకు చెవిని, వేలితో చూపాలి. ఈ మూడింటినీ యాత్రికుడు తిరిగి చేసి చూపేవరకు శిక్షకుడు అతనిని నీటిలోకి తీసుకుపోరాదు. నడుము లోతు నీటిలో నోటితో శ్వాసించడం, మాస్కులోకి చేరిన నీటిని బయటకు పంపడం అభ్యసింపజేసే కేంద్రం మరింత నమ్మదగినది.

శిక్షకులు, సంఖ్య, వయస్సు

పాడీ, ఎస్‌ఎస్‌ఐ వంటి అంతర్జాతీయ సంస్థలు శిక్షకులకు గుర్తింపు సంఖ్య ఇస్తాయి. దానిని ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ధ్రువపత్రం కేంద్రం గోడపై ఉంటే సరిపోదు, నీటిలో వెంట దిగే వ్యక్తికి ఉండాలి. "నాతో దిగేది ఎవరు?" అని అడగడం అమర్యాద కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన సాహస పర్యాటక విధానం నిర్వాహకుల నమోదును కోరుతున్నది గనుక ఆ నమోదు పత్రాన్ని చూపమనవచ్చు. తార్కర్లిలో మహారాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ నెలకొల్పిన స్కూబా శిక్షణ సంస్థ కూడా ఉన్నది.

శిక్షణ లేని వారి కోసం ఉద్దేశించిన పరిచయ డైవును పాడీ నియమాలు 12 మీటర్ల లోతుకు, కనీసం 10 ఏళ్ళ వయస్సుకు పరిమితం చేశాయి. సముద్రంలో ఒక శిక్షకుని వెంట నలుగురికి మించరాదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. నీరు మసకగా ఉన్నప్పుడు, పాల్గొనేవారు వృద్ధులో పిల్లలో అయినప్పుడు ఒక్కరికి ఒక్క శిక్షకుడు ఉండడమే క్షేమం. పరిచయ డైవుకు ఈత తప్పనిసరి కాదన్న మాట నిజమే. కాని నీరంటే భయమున్న వారిని బలవంతంగా దింపడానికి ఆ మాట ఆధారం కారాదు.

పరికరాలు, పడవ, వాతావరణం

పరికరాల మంచిచెడ్డలు పూర్తిగా తెలియకపోయినా కొన్నిటిని ఎవరైనా పరిశీలించవచ్చు. సిలిండరు మెడపై దాని పరీక్ష తేదీ ముద్రించి ఉంటుంది. శిక్షకుని రెగ్యులేటరుకు అదనంగా మరొక నోటి పరికరం, సాధారణంగా పసుపు రంగుది, ఉండాలి. ఒకరి గాలి ఆగిపోతే ఆదుకొనేది అదే. గాలి మిగులును చూపే మీటరు పనిచేస్తూ ఉండాలి. ఒడ్డున రెండు మూడుసార్లు శ్వాసించి చూసినప్పుడు నూనె వాసనో పొగ వాసనో వస్తే, గాలి నింపిన యంత్రం ఇంజను పొగను పీల్చుకొని ఉండవచ్చు. ఆ సిలిండరును నిరాకరించాలి.

ప్రమాదం నీటి అడుగుననే ఉండదు. 2022 మే 24న తార్కర్లి తీరంలో స్కూబా విహారం ముగించుకొని వస్తున్న పర్యాటకుల పడవ బోల్తాపడి ఇద్దరు మరణించారు. కనుక పడవ ఎక్కిన క్షణం నుంచి దిగే వరకు అందరూ లైఫ్‌జాకెట్ ధరించాలి. పడవ సామర్థ్యానికి మించి మనుషులు ఎక్కరాదు. వర్షాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, కొంకణ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలలలో ఎవరు పిలిచినా వెళ్ళరాదు. పడవలో అత్యవసర ఆక్సిజన్, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా అని కూడా విచారించాలి. డైవింగ్ ప్రమాదాలలో మొదట అందించవలసిన చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజనే.

తిరుగు ప్రయాణం

పీడనం కింద శ్వాసించినప్పుడు నత్రజని కొంత శరీరంలో కరుగుతుంది. తిరిగి బయటకు పోవడానికి దానికి వ్యవధి అవసరం. ఆలోగా ఎత్తైన ప్రదేశానికి చేరితే అది బుడగలై కీళ్ళనొప్పులకు, తీవ్రమైతే పక్షవాతానికి దారితీయవచ్చు. ఒక్క డైవు తరువాత కనీసం 12 గంటలు, పలు డైవుల తరువాత 18 గంటలు విమానం ఎక్కరాదన్నది డైవింగ్ వైద్యుల సూచన. సుమారు 600 మీటర్లకు మించిన ఎత్తులకు కూడా ఈ సూచన వర్తిస్తుంది. మాల్వణ్ ప్రాంతం నుంచి సావంత్‌వాడి మీదుగా వచ్చే దారిలోని అంబోలీ ఘాటు సుమారు 690 మీటర్ల ఎత్తున ఉన్నది. అయిదారు మీటర్ల లోతులో కొద్ది నిమిషాలు గడిపినవారికి ఈ ప్రమాదం స్వల్పమే. అయినా స్కూబాను విహారంలో చివరి రోజున కాక మొదటి రోజున పెట్టుకుంటే ఈ చింతే ఉండదు.

రుసుము చెల్లించే ముందు అడగవలసినవి

1. ఆరోగ్య ప్రశ్నావళి ఉన్నదా? దానిని చదివి వినిపిస్తారా?
2. వెంట దిగే శిక్షకుడు ఎవరు? అతని గుర్తింపు సంఖ్య ఏది?
3. ఒక శిక్షకునికి ఎంతమంది? ఎంత లోతు? ఎంతసేపు?
4. దిగేముందు తక్కువ నీటిలో అభ్యాసం ఉంటుందా?
5. పడవలో ఆక్సిజన్, లైఫ్‌జాకెట్లు ఉన్నాయా?
6. సముద్రం బాగాలేకపోయినా, యాత్రికుడు భయపడి మానుకున్నా, రుసుము తిరిగి ఇస్తారా?

చివరి ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని రసీదుపై వ్రాయించుకోవడం మంచిది. చెల్లించిన సొమ్ము వృథా అవుతుందనే సంకోచంతోనే అనేకులు మనసు ఒప్పకపోయినా నీటిలో దిగుతారు. పడవ అంచున కూర్చున్న తరువాత కూడా "నేను దిగను" అనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉన్నది. కుటుంబ సభ్యులు ఆ మాటను పరిహాసం చేయరాదు.

తీరంలో అత్యవసర పరిస్థితి ఏర్పడితే 112, అంబులెన్సుకు 108, సముద్రంలో సహాయానికి భారత తీరరక్షక దళం వారి 1554 సంఖ్యలకు ఫోను చేయవచ్చు. డైవు తరువాత 24 గంటలలోపు కీళ్ళనొప్పి, తిమ్మిరి, ఛాతీనొప్పి, ఆయాసం, తల తిరుగుడు కనిపిస్తే వైద్యునికి మొదట చెప్పవలసిన మాట "స్కూబా చేశాము" అన్నదే. ఆ సంగతి తెలియకపోతే వైద్యుడు మరొక వ్యాధిగా భావించి చికిత్స ప్రారంభించే అవకాశం ఉన్నది.