ఇంట్లో ఒకరు పోతే పిల్లలు ఎందుకు గమ్మునైపోతారు?

వాల్మీకిపురం పక్కనున్న మదనపల్లెలో 1895లో తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. పదేళ్లప్పుడు, 1905లో, తల్లి సంజీవమ్మ చనిపోయింది. ఆ తర్వాతా ఆమె కనబడేదని, గాజుల చప్పుడు వినబడేదని పెద్దయ్యాక రాసుకున్నాడు. బడిలో మాత్రం ఎప్పుడూ పరధ్యానమే. పంతుళ్లు మందబుద్ధి అనుకున్నారు. (మలేరియాతో బడి తప్పడమూ ఒక కారణం కావచ్చు.) అదే పిల్లాడు ఇంట్లో గడియారం విప్పి, మళ్లీ బిగించేదాకా కదల్లేదట!

తల్లి పోయిన దిగులు, భయం ముదిరితే మాట మీదా చదువు మీదా ధ్యాస నిలవదు. 'నా అల్లరి వల్లే పోయిందేమో' అని కొందరు లోలోపల కుమిలిపోతారు. ఇంకొందరు నాన్న ఏడుస్తాడని అమ్మ పేరెత్తరు. బిడ్డ ఏడుస్తాడని నాన్నా ఎత్తడు. చూశారా, ఒకరి కోసం ఒకరు ఎలా నోరు కట్టేసుకుంటారో! పిల్లల దుఃఖం విడతలుగా వస్తుంది. ఇప్పుడే ఏడ్చి, వెంటనే గోలీలాటకు పరుగెత్తినా అమ్మను మరిచిపోయినట్టు కాదు.

మరి నాన్న ఏం చేయాలి? 'అమ్మ ఊరికెళ్లింది' అనకూడదు, బిడ్డ ఎదురుచూస్తాడు. 'చనిపోయింది, నీ తప్పేం లేదు' అని సూటిగా చెప్పాలి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే బిగుసుకుపోతాడు. పక్కపక్కన టమాటాలు ఏరుతూనో, సైకిల్ బాగుచేస్తూనో ఉంటే మాట సులువుగా దొర్లుతుంది. 'నాకూ అమ్మ గుర్తొస్తోంది రా' అని నాన్నే మొదలుపెట్టాలి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు.

వారాలు గడిచినా తిండి, నిద్ర, బడి దారిలో పడకపోతే మానసిక ఆరోగ్య సాయానికి టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది, ఉచితం. పిల్లలే నేరుగా ఫోన్ చేయాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.