గుర్తింపున విశ్వాసము – పొరుగు రాష్ట్రముల తెలుగువారి పేర్లు

పూర్వము మన పల్లెలలో ఒకడు తాను ఫలానావాడనని చెప్పుకొన్నచో, అది నిజమని పలుకుటకు ఊరిపెద్దయో, కరణమో, చుట్టమో ఉండెడివాడు. ఇంటిపేరు, గోత్రము, తాతపేరు చెప్పిన చాలును. హోసూరునగాని, బళ్ళారిలోగాని, బరంపురమునగాని మనవారు ఆ కుటుంబమును పోల్చుకొనెడివారు. నేడు ఆ సాక్ష్యమును యంత్రము పలుకుచున్నది. మనలను ఎరుగని యంత్రమును మనమేల నమ్మవలెను? ఆ నమ్మకము దేనివలన నిలుచును, దేనివలన చెడును? తెలుగు బోధించుచు, పిల్లల ప్రవేశపత్రములను వ్రాయువాడనగుటచే ఈ ప్రశ్న నాకు ఏటేట ఎదురగుచున్నది.

ఆధార్ సంఖ్యలనిచ్చు ప్రాధికార సంస్థ 2009లో ఏర్పడినది. మొదటి సంఖ్యలు 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రమందలి నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామమున ఈయబడినవి. 2016లో దీనికొక ప్రత్యేక చట్టము వచ్చినది. 12 అంకెల ఈ సంఖ్య వెనుక పేరు, పుట్టినతేది, చిరునామాలతోపాటు పది వ్రేళ్ల ముద్రలు, రెండు కనుపాపల చిత్రములు, ముఖచిత్రము భద్రపరుపబడి యుండును.

సంఖ్య వేరు, సరిచూచుట వేరు. కార్డు నకలు ఎవరి చేతనైన ఉండవచ్చును. కావున దానిని చూపినంతమాత్రమున గుర్తింపు రుజువు కాదు. నిజమైన పరిశీలనలో మనము సంఖ్యను చెప్పి వ్రేలిముద్ర వేయుదుము, లేదా సెల్‌ఫోనునకు వచ్చిన ఓటీపీని తెలుపుదుము. కేంద్రమున నున్న వివరముతో దానిని పోల్చి, ‘ఔను’ లేక ‘కాదు’ అని సమాధానము వచ్చును. భద్రపరచిన ముద్ర మాత్రము అడిగినవానికి చేరదు. కార్డుపైనున్న క్యూఆర్ గుర్తునకు సంస్థ యొక్క డిజిటల్ సంతకము కలదు. అందలి సమాచారమున ఒక్క యక్షరము మార్చినను ఆ సంతకము సరిపడదు. విశ్వాసమునకు మూలము ఈ ఏర్పాటే.

అయినను యంత్రము ‘కాదు’ అన్నపుడెల్ల మనిషి అబద్ధమాడినట్లు కాదు. చేతిపనితో బ్రదుకు గడపినవారి వ్రేళ్ల గీతలు అరిగిపోవును. షోలాపురమున బీడీలు చుట్టి జీవించు మన స్త్రీలవంటివారికి ఈ చిక్కు కలుగవచ్చును. అట్టిచోట కనుపాపనో, ముఖమునో, ఓటీపీనో ఆశ్రయింపవలెను.

మనకు విశేషముగ కలుగు చిక్కు పేరున నున్నది. తమిళలిపిలో క-గలకు ఒకే యక్షరము. త-దలకును, ప-బలకును అంతే. తెలుగింటి గోవిందు తమిళమున వ్రాయబడి, తిరిగి ఇంగ్లీషులోనికి పోవునప్పటికి కోవిందు కావచ్చును. ఒడియాలో వకారము తరచుగా బకార భకారములుగా మారును. మనము ఇంటిపేరును ముందుంచుకొందుము. తమిళనాట తండ్రిపేరు మొదటి యక్షరమే ముందుండును. మహారాష్ట్రమున తనపేరు, తండ్రిపేరు, కడపట ఇంటిపేరు వచ్చును. యానాములో తెలుగే వ్యవహారభాష కావున ఈ బాధ తక్కువ.

కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థి యొకనికి ఉపకారవేతనము ఆగిపోయినది. పాఠశాల పట్టికలో ఇంటిపేరు మొదటి యక్షరము, ఆధార్‌లో తండ్రిపేరు మొదటి యక్షరము, బ్యాంకు పుస్తకమున రెండును ఉన్నవి. బాలుడొక్కడు, పేర్లు మూడు. తల్లి కూలి మానుకొని నాలుగు దినములు తిరిగినది. “నా కొడుకు నా కొడుకేనని ఇంక నెవరితో చెప్పవలె, అయ్యవారూ?” అని నన్నడిగినది. పట్టికలో ఆ పేరు వ్రాసినవాడను నేనే. ఆధార్‌లో ఏమున్నదో చూడకయే, మన సంప్రదాయమని వ్రాసితిని. ఆనాటినుండి కాగితములన్నియు ప్రక్కప్రక్కన పెట్టుకొనక కలము పట్టుటలేదు.

న్యాయస్థానము చెప్పినదియు మనము ఎరిగియుండవలెను. వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టమును చాలవరకు సమర్థించుచునే, పాఠశాల ప్రవేశమునకు దానిని నిర్బంధింపరాదనియు, ఆధార్ లేదను కారణమున ఏ బిడ్డకును పథకముల ఫలము నిరాకరింపరాదనియు పలికినది.

మనవంతు జాగ్రత్తలు కొన్ని కలవు. బిడ్డ పుట్టినప్పుడే పేరును రెండు లిపులలోను, ఇంగ్లీషులోను ఒకే రీతిగ నిశ్చయించి, జననపత్రమునుండియే అట్లు వ్రాయింపవలెను. ఆధార్‌లో పేరు సవరణకు సాధారణముగ జీవితకాలమున రెండు అవకాశములే కలవు. 5వ యేట, 15వ యేట పిల్లల ముద్రలను తప్పక నవీకరింపవలెను. కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు కార్డు చాలినచోట పూర్తి సంఖ్య నీయరాదు. పనిలేనపుడు ముద్రలకు తాళము వేసికొను వీలును కలదు. పరిచయములేనివాడు ఫోనున అడిగిన ఓటీపీని చెప్పనే కూడదు.

విశ్వాసము ఒకవైపునుండి నిలుచునది కాదు. ప్రజలు నిజము చెప్పవలెను. పొరపాటు దొరలినచో సులభముగ దిద్దుకొను దారిని అధికారులు తెరచియుంచవలెను. ఆ దారి తెలియని పెద్దలకు, తెలుగును స్థానికలిపిని ఎరిగినవాడొకడు వారమునకొక పూట మన సంఘభవనమున కూర్చుండి తోడుపడినచో, పూర్వము ఊరిపెద్ద చేసిన సాక్ష్యమును మనము మరియొక రీతిగ నిలుపుకొన్నవారమగుదుము.