తరగతిలో సహాయకురాలు: తోడుండాలి, చేసిపెట్టరాదు

సూళ్లూరుపేట, నగరి, ఊత్తుకోట ప్రాంతాల తల్లిదండ్రులు ప్రత్యేక అవసరాలు గల బిడ్డలను వైద్యం కోసం చెన్నైకి తీసుకువెళుతుంటారు. బిడ్డను బడికి పంపమని వైద్యులు సలహా ఇస్తారు. ఇంటికి వచ్చాక ఒకటే ప్రశ్న: ‘తరగతిలో వాణ్ణి చూసుకునేదెవరు?’ దానికి జవాబు దొరకక ఏళ్ల తరబడి ఇంటిపట్టునే ఉండిపోయే పిల్లలు ఉన్నారు.

ఇటువంటి పిల్లల చదువులో ముగ్గురికి పాత్ర ఉంది. పాఠం చెప్పే బాధ్యత తరగతి ఉపాధ్యాయునిది. ఆ పాఠాన్ని బిడ్డ శక్తికి తగినట్లు మలిచేది ప్రత్యేక ఉపాధ్యాయుడు. చక్రాల కుర్చీని నడపడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, అన్నం తినేటప్పుడు తోడుండడం, గోలకు బెదిరిన బిడ్డను ఊరడించడం సహాయకురాలి పని. ఆమె ఉన్నదని ఉపాధ్యాయుడు ఆ బిడ్డను ఆమెకే వదిలివేయరాదు.

మంచి సహాయకురాలు అన్నీ తానే చేసిపెట్టదు. మస్తిష్క పక్షవాతం గల బిడ్డ గీత గీయవలసి వస్తే కాగితం కదలకుండా పట్టుకుంటుంది, ఓపికగా వేచి ఉంటుంది. గీత మాత్రం బిడ్డే గీయాలి. తోటి పిల్లలకూ బిడ్డకూ నడుమ ఆమె అడ్డుగోడ కారాదు. ఈరోజు చేసిన సాయం కొంతకాలానికి తగ్గినప్పుడే ఆమె పని ఫలించినట్లు.

సరిహద్దు గ్రామాలలో భాష మరొక చిక్కు. ఇంట్లో ‘నీళ్లు’ విన్న బిడ్డకు తమిళ బడిలో ‘తణ్ణి’ వినిపిస్తుంది. మాట సరిగా రాని బిడ్డ దాహాన్ని సైగతోనే తెలుపుతాడు. అందుచేత బిడ్డ వాడే మాటలు, సైగలు, వాటి అర్థాలు ఒక కాగితంపై వ్రాసి బడిలో ఇవ్వడం తల్లిదండ్రులు చేయగల గొప్ప మేలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన బడులు ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన తోడ్పాటు కల్పించాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అయితే బిడ్డకొక సహాయకురాలు తప్పనిసరి అని చట్టం చెప్పలేదు. అవసరాన్ని వివరించి అడగవలసి ఉంటుంది. ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

మార్గదర్శనానికి చెన్నై కోట్టూరుపురంలో 1985లో ఆరంభమైన విద్యాసాగర్ సంస్థ, ముట్టుకాడులో 2005లో ఏర్పడిన బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉన్నాయి. ఆంధ్రలోని వారు మండలంలోని భవిత కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

బడిలో చేర్చేటప్పుడు ప్రధానోపాధ్యాయుని మూడు సంగతులు అడగండి: ప్రత్యేక ఉపాధ్యాయుడు ఏ రోజుల్లో వస్తారు? మరుగుదొడ్డికి తోడు ఎవరు వెళతారు? మా బిడ్డ ఎవరి పక్కన కూర్చుంటాడు? ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు వచ్చిన చోట బిడ్డ చదువుకు దారి దొరికినట్లే.