రాణి కాలేని ప్రియురాలు: వీడియో గేముల ప్రేమకథల్లో జాతి, లైంగికత

వీడియో గేములకి దళిత అధ్యయన పత్రికలో ఏం పని అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మాలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. యూనివర్సిటీ హాస్టల్‌కొచ్చాకే పక్క గదివాళ్ల దగ్గర ఈ ఆటలు చూశాం. చూశాక అర్థమైందేంటంటే, ఇవి ఉట్టి కాలక్షేపం కాదు. ఎవరు ఎవర్ని ప్రేమించొచ్చో, ఎవరు ఎవర్ని పెళ్లాడొచ్చో సినిమాల్లాగే ఇవీ చెబుతున్నాయి.

ముందు ఈ ప్రేమ ఎలా నడుస్తుందో చూద్దాం. కెనడాకి చెందిన బయోవేర్ సంస్థ 2009లో 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' అనే ఆట విడుదల చేసింది. ఆడేవాళ్లు మొదట్లోనే తమ పాత్ర ఆడో మగో, ఏ జాతో, ఏ పుట్టుకో ఎంచుకోవాలి. మనుషులు, ఎల్ఫులు, డ్వార్ఫులు అని మూడు జాతులు. మాటల వల్ల, కానుకల వల్ల, తీసుకునే నిర్ణయాల వల్ల తోటి పాత్రల అభిమానం పెరుగుతుంది, తగ్గుతుంది. దాన్ని మైనస్ 100 నుంచి 100 దాకా అంకెల్లో లెక్కగడతారు. అంకె పెరిగితే ప్రేమ మొదలవుతుంది. కానీ అంకె ఒక్కటే చాలదు. నువ్వు ఆడా మగా, ఎక్కడ పుట్టావు అని ఆట లోపల్లోపల చూసుకుంటుంది. ఆ షరతులు యంత్రం పెట్టినవి కావు, రచయితలు పెట్టినవి.

ఈ ఆటలో ఎల్ఫుల చరిత్ర బానిసత్వపు చరిత్ర. నగరాల్లో వాళ్లు గోడకట్టి వేరుచేసిన పేటల్లో బతుకుతారు. ఆట దాన్ని 'ఏలియనేజ్' అంటుంది. మన మాటలో చెప్పాలంటే వెలివాడ. డెనెరిమ్ నగరపు వెలివాడలో పుట్టిన ఆడపిల్లగా ఆట మొదలుపెడితే, పెళ్లిరోజునే దొరకొడుకు తన మనుషుల్ని వేసుకొచ్చి ఆమెనీ తోటి ఆడవాళ్లనీ ఎత్తుకుపోతాడు. ఆమె తిరగబడుతుంది. తరవాత యోధుల దళంలో చేరి దేశాన్నే కాపాడుతుంది. దారిలో అలిస్టెయిర్ అనే తోటి యోధుణ్ణి ప్రేమించొచ్చు. అతను చనిపోయిన రాజుకి పెళ్లి బయట పుట్టిన కొడుకు.

అలిస్టెయిర్ సింహాసనం ఎక్కకపోతే ప్రేమ నిలవొచ్చు. ఎక్కితే? ప్రియురాలు మనుషుల్లో, కులీన వంశంలో పుట్టినదైతే రాణి కావొచ్చు. ఎల్ఫు కాలేదు. డ్వార్ఫు కాలేదు. మాంత్రికురాలూ కాలేదు. సింహాసనానికి వారసుడు కావాలని చెప్పి అతను విడిపోతాడు. ఆటలో ముందే అతని మనసుని గట్టిపరచి ఉంటే, ఉంచుకోడానికి మాత్రం ఒప్పుకుంటాడు. దేశాన్ని కాపాడ్డానికి పనికొచ్చిన మనిషి పెళ్లికి పనికిరాలేదు. ఈ మాట మనకి కొత్తా?

ఇంకో సంగతుంది. ఈ ఆట ప్రధాన రచయిత డేవిడ్ గైడర్ అదే 2009లో 'ది కాలింగ్' అనే నవల రాశాడు. అలిస్టెయిర్ తల్లి ఎల్ఫు స్త్రీ అని అందులో సూచన ఉంది. ఆ ప్రపంచంలో ఎల్ఫుకీ మనిషికీ పుట్టిన బిడ్డ మనిషిలాగే కనిపిస్తాడు. తల్లి జాడ మాసిపోయింది కాబట్టే అతను రాజు కాగలిగాడు.

కులాన్ని నిలబెట్టేది లోపలిపెళ్లి అని అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రంలో నిరూపించాడు. ఈ ఆట ప్రేమకి అడ్డు చెప్పదు. వారసత్వం దగ్గరే తలుపేస్తుంది. లైంగికత విషయంలోనూ అంతే. 2009 ఆటలో ప్రేమించదగిన పాత్రలు నలుగురు. లెలియానా, జెవ్రాన్ ఆడామగా ఎవర్నైనా ప్రేమిస్తారు. అలిస్టెయిర్ ఆడవాళ్లనే, మోరిగన్ మగవాళ్లనే ప్రేమిస్తారు. అలిస్టెయిర్ కథలో సింహాసనం ఉంది, మోరిగన్ కథలో పుట్టబోయే బిడ్డ ఉంది. వేశ్యాగృహంలో పుట్టి, పసితనంలోనే అమ్ముడుపోయిన ఎల్ఫు జెవ్రాన్. అతని ప్రేమకి హద్దుల్లేవు. ఎందుకంటే అతని దగ్గర పోగొట్టుకునే వారసత్వం లేదు.

2011లో వచ్చిన రెండో ఆటలో నలుగురు సహచరుల్ని ఆడైనా మగైనా ప్రేమించే వీలు కల్పించారు. కొందరు మగ ఆటగాళ్లు గొడవపెట్టారు. ఆట మీ ఒక్కరిదే కాదు, అందరిదీ అని గైడర్ జవాబిచ్చాడు. 2014 నాటి 'ఇంక్విజిషన్'లో డోరియన్ అనే పాత్ర వచ్చింది. మగవాళ్లని ప్రేమించే మగవాడు. అతని వంశంలో మంత్రశక్తి చెదరకుండా తరతరాలుగా లెక్కచూసి పెళ్లిళ్లు చేశారు. కొడుకు కుదిర్చిన పెళ్లి కాదంటే, తండ్రి రక్తమంత్రంతో అతని మనసునే మార్చబోయాడు. వంశరక్తం కోసమే జాతి కావలి, వంశరక్తం కోసమే లైంగికత మీద కావలి. రెండూ ఒకే కర్రకి రెండు కొసలని ఈ కథ స్పష్టంగా చూపింది.

మరి నిజలోకపు నల్లజాతి మాటేంటి? అణచివేత బాధంతా తెల్లచర్మపు ఎల్ఫులకి అప్పగించారు. 2009 నాటి ఆ నలుగురిలో నల్లజాతి మనిషి ఒక్కరూ లేరు. 2014లో వివియెన్ అనే నల్లజాతి మాంత్రికురాలు వచ్చింది. తెలివైనది, అధికారం తెలిసినది. ఆటగాళ్లు ఆమెతో సరసమాడొచ్చుగానీ ప్రేమకథ లేదు. ఆమె ఒక డ్యూక్‌కి ప్రియురాలు. ఇక్కడా భార్య హోదా లేదు.

ఆట వివక్షని చూపించింది కదా, సమర్థించలేదు కదా అంటారు కొందరు. నిజమే. ఆ తిరస్కారం తగిలిన ఆటగాడికి అది కొంతైనా నేర్పుతుంది. కానీ ఆ తలుపు బద్దలుకొట్టే దారి మాత్రం ఆటలో లేదు.

2023లో బెల్జియం సంస్థ లారియన్ 'బాల్డర్స్ గేట్ 3' తెచ్చింది. అందులో ప్రధాన సహచరుల్ని ఏ జాతివాళ్లయినా, ఆడైనా మగైనా ప్రేమించొచ్చు. తాళం తీశారు. కానీ నల్లజాతి సహచరుడు విల్‌కి మిగతావాళ్లకంటే తక్కువ కథ రాశారని ఆటగాళ్లే విమర్శించారు. అమెరికాలో జాత్యంతర వివాహాల మీది నిషేధాల్ని సుప్రీంకోర్టు 1967లో కొట్టేసింది. మనకి 1954 నుంచీ ప్రత్యేక వివాహ చట్టం ఉంది. చట్టం తాళం తీయగలదు. కానీ మనిషిని పూర్తి మనిషిగా ఊహించే పని రాసేవాళ్లది.

అందుకే విద్యార్థులకి మేం చెప్పేదొకటే. ఆట ఆడండి. ఆడుతూ అడగండి: ఇందులో పెళ్లి ఎవరికి, ఉంపుడు బతుకు ఎవరికి? ఆ షరతు రాసిందెవరు? రేపు ఆ షరతులు రాసే కుర్చీలో వెలివాడ పిల్ల కూడా కూర్చోవాలి.