కెమెరాలోని అద్దం మసకబారితే?

బాపట్ల జిల్లాలో, చీరాలకు దగ్గరగా ఉన్న సముద్రతీర గ్రామం వాడరేవు. ఇలాంటి తీర గ్రామాలలో కిటికీ ఊచలు, సైకిలు చక్రాలు త్వరగా తుప్పు పడతాయి. ఎందుకో తెలుసా? అలలు విరిగినప్పుడు సన్నని ఉప్పునీటి తుంపర్లు గాలిలో కలుస్తాయి. నీరు ఆవిరైపోగా ఉప్పు రేణువులు మిగులుతాయి. అవి వాలిన చోటల్లా తేమను పీల్చుకుంటాయి. ఈ ఉప్పుగాలి బీరువాలో దాచిన పాత ఫిల్ము కెమెరాను కూడా వదలదు. అందులో తేలికగా దెబ్బతినే భాగం, లోపలి అద్దం.

కెమెరాలో అద్దం ఎందుకు? 1929లో జర్మనీలో వెలువడిన రోలీఫ్లెక్స్, ఆ తర్వాత జపాను నుంచి వచ్చిన యాషికా వంటి కెమెరాలకు ముందువైపు రెండు కటకాలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. కింది కటకం ఫిల్ముపై బొమ్మను పడవేస్తుంది. పై కటకం ఫొటో తీసేవారు చూసుకోవడానికి. దాని వెనుక 45 డిగ్రీల వాలులో అద్దం ఉంటుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానమని మీరు చదువుకున్నారు కదా! కాబట్టి ఎదుటి నుంచి వచ్చిన కాంతి 90 డిగ్రీలు మళ్ళి, పైనున్న గరుకు గాజు పలకపై పడుతుంది. తల వంచి చూస్తే బొమ్మ నిటారుగా కనిపిస్తుంది; కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి.

అద్దం చెడితే ఫిల్ముకు నేరుగా హాని లేదు. కాని స్పష్టతను సరిచూసుకునేది పై బొమ్మలోనే. అక్కడ పొరబడితే ఫొటో కూడా మసకే. 120 రకం ఫిల్ము చుట్టకు చదరపు బొమ్మలు వచ్చేవి పన్నెండే. తప్పు జరిగిన సంగతి ఫిల్ము కడిగాక గాని తెలియదు!

మరి ఇంట్లోని అద్దం ముక్కను అతికిస్తే సరిపోదా? ఒక చిన్న ప్రయోగం చేయండి. పెన్సిలు మొనను ఇంట్లోని అద్దానికి ఆనించండి. మొనకూ, దాని ప్రతిబింబానికీ మధ్య ఎడం కనిపిస్తుంది. నునుపైన స్టీలు పళ్ళానికి ఆనిస్తే ఆ రెండూ కలిసిపోతాయి. ఇంటి అద్దానికి పూత గాజు వెనుక ఉండటమే దీనికి కారణం. పైగా గాజు ముందుతలం కూడా నూటికి నాలుగైదు పాళ్ళ కాంతిని పరావర్తనం చేస్తుంది. అందువల్ల బొమ్మ పక్కనే నీడలా మరో బొమ్మ పడుతుంది. గాజు మందం 3 మిల్లీమీటర్లయితే, 45 డిగ్రీల వాలులో ఈ రెండింటి ఎడం రెండు మిల్లీమీటర్లకు పైనే!

అందుకే కెమెరా అద్దానికి పూత గాజు ముందుతలంపైనే వేస్తారు. దూరదర్శినుల అద్దాలకూ ఇదే పద్ధతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని అటువంటిదే. ఈ పూత మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దానిని కాపాడే గాజు ముందు లేదు. వెండిపూత అయితే గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల నల్లబడుతుంది. అల్యూమినియంపై సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర కొంత రక్షణ ఇస్తుంది. కాని ఉప్పులోని క్లోరైడు, తేమతో కలిసి, ఆ పొరను ఛేదిస్తుంది. మచ్చలు పడతాయి. గుడ్డతో గట్టిగా తుడిస్తే మచ్చతోపాటు పూతా ఊడి వస్తుంది!

అద్దం మార్చేటప్పుడు మొదట పాత అద్దం మందాన్ని స్క్రూగేజీతో కొలవాలి. అద్దం వెనుకవైపు పీఠానికి ఆని ఉంటుంది. కొత్తది ఒక మిల్లీమీటరు మందం ఎక్కువైతే బొమ్మ స్పష్టంగా ఏర్పడే చోటు దాదాపు 1.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ముందుతలంపై పూత ఉన్న అద్దాన్ని అదే కొలతకు కోయించి, అంచులు మాత్రమే పట్టుకొని, పూతవైపు కటకానికి ఎదురుగా ఉండేలా అమర్చాలి.

ఇక పరీక్ష. ఫిల్ము ఉండే చోట మరో గరుకు గాజు ముక్కను, గరుకువైపు కటకం దిక్కుగా ఆనించి, షట్టరు తెరిచి ఉంచాలి. దూరాన ఉన్న తాటిచెట్టునో, వాడరేవు దీపస్తంభాన్నో చూడాలి. పై గాజు మీదా, వెనుక గాజు మీదా బొమ్మ ఒకేసారి స్పష్టంగా కనిపించాలి. అలా కనిపిస్తే అద్దం సరిగ్గా కూర్చున్నట్లే. లేకపోతే పై కటకాన్ని కాస్త ముందుకో, వెనక్కో జరిపి సరిచేస్తారు.

ఇంట్లో తాతగారి కెమెరా ఉంటే తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతోపాటు, మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఉంచండి. అద్దంపై దుమ్ము చేరితే రబ్బరు బంతితో గాలి ఊదండి. వేలు మాత్రం పెట్టకండి!