మొరాయించే చిన్న క్వాడ్ బైక్: ఇంజన్ ఎప్పుడు ఆగుతోందో గమనించండి

వేసవి సెలవుల్లో తిప్పి, వానాకాలమంతా షెడ్డులో వదిలేసిన పిల్లల క్వాడ్ బైక్ దసరాకి బయటికి తీస్తే తరచూ మొరాయిస్తుంది. సెల్ఫ్ మోటార్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. బ్యాటరీ దిగిపోయేదాకా బటన్ నొక్కడం చాలామంది చేసే పని. దానికంటే ఇంజన్ ఎప్పుడు ఆగుతోందో గమనించడం మేలు. అసలు అందుకోవడం లేదా? చోక్ తీయగానే ఆగుతోందా? పది నిమిషాలు నడిచాక ఆగుతోందా? ఒక్కో జవాబు ఒక్కో భాగం వైపు వేలు చూపిస్తుంది.

రిసార్టుల్లో, ఫార్మ్‌హౌస్‌ల్లో కనిపించే ఈ పెట్రోలు బళ్లలో 49 సీసీ టూ-స్ట్రోక్, 110 సీసీ ఫోర్-స్ట్రోక్ ఇంజన్లు సాధారణం. పాళ్లు కుదిరిన గాలి-పెట్రోలు మిశ్రమం, దాన్ని గట్టిగా నొక్కే పిస్టన్, సరైన క్షణంలో నిప్పురవ్వ ఉంటే అవి నడవాల్సిందే.

విప్పదీసే ముందు కిల్ స్విచ్ చూడాలి. చాలా చిన్న బళ్లకు వెనక ఒక తాడు ఉంటుంది. బండి అదుపు తప్పితే పెద్దవాళ్లు దాన్ని లాగగానే స్పార్క్ ఆగిపోతుంది. ఆ స్విచ్ సరిగా కూర్చోకపోయినా, లోపల తుప్పు పట్టినా బండి స్టార్ట్ కాదు. కొన్ని మోడళ్లలో బ్రేక్ పట్టుకుంటేనే సెల్ఫ్ తిరుగుతుంది. ఇవి విసిగిస్తున్నాయని వైర్లు మార్చి స్విచ్‌ను పక్కకు తప్పించేవాళ్లు ఉన్నారు. దాంతో బండి స్టార్ట్ అవుతుంది, అవసరమైనప్పుడు ఆగదు. స్విచ్‌ను శుభ్రం చేయాలి, లేదంటే కొత్తది వేయాలి.

తర్వాత ప్లగ్. విప్పితే తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైందని, ఎన్నిసార్లు తిప్పినా పొడిగానే ఉంటే పెట్రోలు అందడం లేదని అర్థం. బయట స్పార్క్ కనిపించినంత మాత్రాన లోపల కూడా వస్తుందనుకోకూడదు. మామూలు పీడనంలో మిల్లీమీటరు గాలిని చీల్చి రవ్వ దూకడానికి సుమారు 3,000 వోల్టులు కావాలి. సిలిండర్‌లో నొక్కుకుపోయిన వాయువులో అణువులు దగ్గరగా ఉంటాయి. ఎలక్ట్రాన్లు తగినంత వేగం అందుకోకముందే వాటిని ఢీకొంటాయి కాబట్టి ఇంకా ఎన్నో రెట్ల వోల్టేజి అవసరం. నీరసించిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. ఈ పరీక్షలో ప్లగ్‌ను సిలిండర్ రంధ్రానికి, పెట్రోలు తడికి దూరంగా ఉంచాలి.

నెలల తరబడి కదలని బండిలో మాత్రం మొదట అనుమానించాల్సింది పెట్రోలునే. తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందే ఎగిరిపోతాయి. చల్లటి ఇంజన్ అందుకోవడానికి కావలసినవి సరిగ్గా అవే. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారుతుంది. మన పెట్రోలులో 2025 నాటికి 20 శాతానికి చేరిన ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే ఎథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరుతుంది. ఇంజన్‌కు వెళ్లే గొట్టం అందుకునేదీ ఆ అడుగునే!

కార్బురేటర్‌లోని పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాస్త జిగురు చాలు, అది మూసుకుపోతుంది. చోక్ వేసి ఉంచితేనే బండి నడుస్తోందంటే మొదటి అనుమానం దీనిమీదే. ఇంజన్‌కు కార్బురేటర్‌ను కలిపే రబ్బరు పగిలి అదనపు గాలి చొరబడటం రెండోది. జెట్‌ను క్లీనర్ స్ప్రేతో, గాలి కొట్టి శుభ్రం చేయాలి. ఇనుప తీగ పెట్టి పొడవకూడదు. 0.40 మి.మీ. రంధ్రం 0.44 అయితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, పెట్రోలు పాళ్లు తప్పుతాయి. ట్యాంకు, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి తాజా పెట్రోలు పోయాలి. టూ-స్ట్రోక్ అయితే కంపెనీ చెప్పిన పాళ్లలో ఆయిల్ కలపడం మరవకూడదు. పొలంలో వాడే పవర్ స్ప్రేయర్లదీ ఇదే జబ్బు, ఇదే వైద్యం.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయే బండికి కారణం ట్యాంకు మూతలో ఉండొచ్చు. పెట్రోలు దిగినంత మేర పైనుంచి గాలి లోపలికి రావాలి. మూతలోని సన్నటి దారి మట్టితో పూడుకుపోతే, స్ట్రా పైకొనపై వేలు పెట్టినప్పుడు నీళ్లు ఆగినట్టే పెట్రోలు ఆగుతుంది. మూత వదులు చేయగానే ఉస్సుమని గాలి లోపలికి వెళ్లి, కాసేపటికి బండి మళ్లీ అందుకుంటే లోపం దొరికినట్టే.

ఆగిపోతున్న ఇంజన్‌ను నిలబెట్టడానికి ఐడ్లింగ్ స్క్రూ బిగించి వేగం పెంచేస్తుంటారు. వీటిలో ఎక్కువ బళ్లకు సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటుంది. ఇంజన్ ఒక వేగం దాటితే దాని పట్టీలు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టేస్తాయి. ఐడ్లింగ్ అంత పెరిగితే, పిల్లాడు యాక్సిలరేటర్ తాకకుండానే బండి ముందుకు దూకుతుంది. అందుకే మరమ్మతు తర్వాత మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బండిని ఆరుబయట స్టాండ్ మీద, వెనక చక్రాలు నేలకు తగలకుండా నిలబెట్టాలి. ఐడ్లింగ్‌లో ఆ చక్రాలు పట్టు అందుకుని గట్టిగా తిరగకూడదు. హ్యాండిల్ ఏ వైపు తిప్పినా యాక్సిలరేటర్ వదలగానే టక్కున వెనక్కి రావాలి. కిల్ స్విచ్ తాడు లాగగానే ఇంజన్ ఆగాలి. ఈ మూడూ చూశాకే పిల్లలకు హెల్మెట్ తగిలించాలి.